కట్టలోని నీటి ఒత్తిడి: కొలుచు పరికరమునకు ఎంత వేడి తట్టవలెను?

చెరువు నిండుగా ఉన్న దినములలో కట్ట వెనుకవైపు నడచు రైతు, కాలి క్రింద నేల మెత్తగా తగిలినచో నిలిచి చూచును. ఊట తేటగా వచ్చుచున్నచో కొంత ధైర్యము. బురదగా వచ్చుచున్నచో బుంగ పడబోవుచున్నదని గ్రహించి ఊరిని లేపును. కాని ఊట వెలికి వచ్చుటకు ఎంతో ముందుగనే కట్ట లోపల నీటి ఒత్తిడి మారియుండును. దానిని కంటితో చూడజాలము. పరికరముతో కొలువవలసినదే.

మట్టిరేణువుల నడుమ సన్నని సందులు కలవు. వానిలో నిండిన నీటికి గల ఒత్తిడినే రంధ్రజలపీడనమందురు. రేణువులు ఒకదానినొకటి ఎంత గట్టిగా నొక్కుకొనునో కట్టకు అంత బలము. నడుమనున్న నీటి ఒత్తిడి పెరిగినకొలది ఆ పట్టు సడలును. ఈ సూత్రమును టెర్జాగీ అను ఇంజనీరు 1925లో ప్రకటించిన గ్రంథములో వివరించెను. నేటి మట్టికట్టల శాస్త్రమునకు అదియే పునాది.

హైదరాబాదులో ఈ విద్య అభ్యసించుటకు తగిన తావు ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము. అచ్చటి ఇంజనీరింగు కళాశాల 1929లో వెలసినది. ప్రాంగణము దాటి తార్నాక కూడలినుండి ఉప్పల్ దారి పట్టినచో, 1961లో స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కనబడును. ఒకచోట పది, ఇరువది మీటర్ల లోతు మట్టిని గూర్చిన విద్య. వేరొకచోట కిలోమీటర్ల లోతు శిలలను గూర్చిన పరిశోధన. నీటి ఒత్తిడి రెండింటికిని సామాన్యమే. భేదమంతయు వేడిలో ఉన్నది. వేడిని తట్టుకొను పరికరము ఎవరికి కావలెను, ఎవరికి అక్కరలేదు అను ప్రశ్నకు సమాధానము ఈ భేదమునుండియే లభించును.

పరికరములలో పురాతనమైనది నిలువు గొట్టము. అడుగున చిల్లులుగల గొట్టమును కట్టలో దింపి, అందులో నీరు ఎంత ఎత్తున నిలిచినదో కొలుతురు. చౌకయైనది, చెడునది కాదు. అయితే బంకమట్టిలో దాని నీటిమట్టము మారుటకు దినములు, ఒక్కొక్కప్పుడు వారములు పట్టును. ఇప్పుడు విరివిగా వాడునది కంపించు తీగగల పరికరము. ఒక పలుచని ఉక్కురేకునకు బిగువైన ఉక్కుతీగ కట్టియుండును. నీరు రేకును నొక్కగా తీగ కొంత వదులగును. విద్యుదయస్కాంతము ఆ తీగను మీటును. వీణతీగ వదులైన శ్రుతి తగ్గినట్లు దీని కంపనసంఖ్యయు తగ్గును. ఆ సంఖ్యనుండి ఒత్తిడిని లెక్కింతురు.

వేడి తగిలినప్పుడు తీగయు, దానిని పట్టియుంచిన ఉక్కును సాగును. రెండును సమముగా సాగినచో చిక్కులేదు. కొంచెము భేదమున్నను నీరు మారకయే అంకె మారును. తయారీదారుని పత్రములో డిగ్రీకి పూర్తి కొలతలో నూటికి 0.05 వంతు తేడా అని ఉన్నదనుకొందము. 35 మీటర్ల నీటిని కొలువగల పరికరములో ఇది డిగ్రీకి సుమారు పావుతక్కువ 2 సెంటీమీటర్లు. 20 డిగ్రీలు మారినచో 35 సెంటీమీటర్లు! లేని నీటిని ఉన్నట్లు చూపినచో కట్ట క్రింది ఊరివారు వృథాగా ఇండ్లు వదలవలసి వచ్చును. ఉన్న నీటిని దాచినచో కలుగు నష్టము చెప్పనక్కరలేదు. అందుకే ఇట్టి పరికరములలో వేడిని కొలుచు చిన్న భాగము కూడ అమర్చుదురు. రెండు అంకెలను వ్రాసికొని సవరించినచో ఈ తప్పు చాలవరకు తొలగును. వేడి అంకెను వ్రాయక వదలుట మాత్రము క్షమింపరానిది.

ఇక కట్టలో వేడి ఎంత? మే నెలలో పైమట్టి కాలు పెట్టరానంతగా కాగినను 5, 6 మీటర్ల లోతున వేసవికి, వానకాలమునకు భేదము అల్పము. అచ్చటి వేడి ఆ ప్రాంతపు సంవత్సర సగటునకు దగ్గరగా ఉండును. సాధారణ పరికరములు సుమారు 80 డిగ్రీల వరకు పనిచేయునట్లు చేయబడుచున్నవి. కావున గ్రామపు చెరువుకట్టకు అధిక మూల్యము పెట్టి ప్రత్యేక పరికరము కొనుట ధనవ్యయమే అని మా అభిప్రాయము. భారీ కాంక్రీటు ఆనకట్టలో మాత్రము కొంత ఆలోచింపవలెను. సిమెంటు గట్టిపడునప్పుడు తానే వేడిని పుట్టించును, ఆ దిమ్మ లోపల 60 డిగ్రీలు దాటుట కద్దు.

నిజముగా వేడి బాధించునది లోతైన బోరులలో. మహారాష్ట్రలోని కొయినా వద్ద 1967 డిసెంబరు 11న 6.3 పరిమాణముగల భూకంపము వచ్చినది. జలాశయపు నీరు శిలల పగుళ్లలోనికి ఒత్తిడిని చేర్చి, అంతకుముందే బిగువులో ఉన్న పొరలు జారుటకు తోడ్పడినదని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. తార్నాక చెంతనున్న సంస్థవారు ఈ విషయమును దశాబ్దములుగా పరిశీలించుచున్నారు. 2017 నాటికి అచ్చట సుమారు 3 కిలోమీటర్ల లోతు బోరు తవ్వబడినది. లోకములో సామాన్యముగా కిలోమీటరునకు 25 నుండి 30 డిగ్రీల వేడి పెరుగును. దక్షిణాపథపు ప్రాచీన శిలలలో పెరుగుదల కొంత తక్కువయైనను అంత లోతున సాధారణ పరికరపు హద్దు సమీపించును. పైగా 3 కిలోమీటర్ల నీటి బరువు చదరపు సెంటీమీటరునకు 300 కిలోగ్రాములు.

అట్టి చోట మొట్టమొదట ఓడిపోవునది తీగకంటె ముందు కేబులు. ప్లాస్టికు తొడుగు మెత్తబడును. టెఫ్లాను తొడుగు 200 డిగ్రీల వరకు నిలుచును. అంతకు మించినచో ఉక్కు గొట్టములో ఖనిజపు పొడి కూరిన కేబులు వాడవలెను. మామూలు తగరము, సీసము కలిపిన టంకము 183 డిగ్రీలకే కరగును. రబ్బరు బిళ్లలకు బదులు అతుకులను వెల్డింగు చేయుదురు. కాబట్టి "200 డిగ్రీలు తట్టును" అని చెప్పువానిని కేబులును, అతుకులను కూడ కలుపుకొనియే ఆ మాట చెప్పుచున్నాడా అని అడుగవలెను.

కొన్న పిదప అమర్చుటలో ఒక జాగ్రత్త కలదు. ఒత్తిడి లేనప్పుడు తీసికొను మొదటి అంకెపైననే తక్కిన లెక్క అంతయు ఆధారపడును. పరికరమును ఎండలో పడవేసి, అది కాగియుండగా ఈ అంకె తీసినచో ఏండ్లకొలది ఆ తప్పు వెంటాడును. నీడలో ఉంచి, బోరునీటి వేడికి అది సర్దుకొనినదాక ఆగి, నీటిమట్టమునకు పైన పట్టి అంకె తీయవలెను. నీరు చొరబడు వడపోత భాగమును గాలిబుడగలు లేని నీటిలో నానబెట్టుటయు మరువరాదు.

చెరువుకట్టపై ఎండదెబ్బ తగులునది భూమిలోని పరికరమునకు కాదు, పైనున్న అంకెల పెట్టెకు. మూసిన ఇనుపపెట్టె వేసవిలో పొయ్యివలె కాగి బ్యాటరీని చెడగొట్టును. దానికి తెల్లరంగు, పైకప్పు, గాలిసందులు కావలెను. పిడుగుపాటు మరింత ప్రమాదకరము. మెరుపు తాకిడిని భూమిలోనికి మళ్లించు సాధనము లేని కేబులు ఒక్క తొలకరితోనే పనికిరాకుండ పోవచ్చును. పరికరముతో వచ్చిన కొలతపత్రమునకు రెండు నకళ్లు తీసి, ఒకటి నీటిపారుదల కార్యాలయములోను, మరొకటి పంచాయతీలోను భద్రపరచిన మంచిది. ఆ పత్రములోని గుణకములు లేనిదే పెట్టె చూపు కంపనసంఖ్య ఎన్ని మీటర్ల నీరో ఎవరును చెప్పలేరు.