వార్తల్లో పదం: కోడెక్

గల్ఫ్ నుంచి కొడవలూరుకు వచ్చే ఇంటర్నెట్ కాల్‌లో ‘వినపడతా ఉందా?’ అన్న మాటే ఎక్కువగా వినపడితే, తప్పంతా సిగ్నల్‌దే కాకపోవచ్చు. గొంతును అంకెలుగా కుదించి పంపి, అవతల మళ్లీ గొంతుగా విప్పేది కోడెక్. ల్యాండ్‌లైన్ల నాటి జి.711 సెకనుకు 64 కిలోబిట్లు అడుగుతుంది. జి.729కి 8 చాలు.

చాలు అనడంలో మెలిక ఉంది. మాట చిన్న చిన్న ప్యాకెట్లుగా వెళ్తుంది, ప్రతి ప్యాకెట్‌కూ 40 బైట్ల చిరునామా అంటుకుంటుంది. సెకనుకు 50 ప్యాకెట్లయితే దానికే 16 కిలోబిట్లు: జి.729కైతే ఉత్తరం కన్నా కవరు బరువు! అసలు లెక్క జి.711కు 80, జి.729కు 24 అన్నమాట. ఒక్కో ప్యాకెట్‌లో 20 బదులు 40 మిల్లీసెకన్ల మాట నింపితే ఆ భారం సగమవుతుంది. కానీ జవాబు ఆలస్యమవుతుంది, ప్యాకెట్ జారిపోతే మాట ఎక్కువ పోతుంది.

2012లో ప్రమాణంగా వచ్చిన ఓపస్ 6 నుంచి 510 కిలోబిట్ల దాకా లైను తీరును బట్టి సర్దుకుంటుంది. అంతకన్నా పొదుపైనదంటూ 2024లో మెటా ‘ఎంలో’ను ప్రకటించింది.

ఇంటర్నెట్ మీద ఫోన్ కాల్స్ చేసే సాఫ్ట్‌ఫోన్ యాప్‌లలో కోడెక్‌ల వరుస మన చేతిలోనే ఉంటుంది. నెమ్మది లైనుకు ఓపస్ పైన, తర్వాత జి.729, చివర జి.711. చివరిదాన్ని మాత్రం తీసెయ్యకండి. అవతలి ఫోనుకు అదొక్కటే తెలిస్తే కాలే కలవదు. వాట్సాప్‌లో ఈ వరుస కనిపించదు. కాల్స్‌కు తక్కువ డేటా వాడే మీట ఒకటుంది, అంతే.