కుశలవార్త ఎవరు చెప్పాలి?

ప్రేక్షకుల ఎదుట నిలబడి బతికే మనిషికి జబ్బు చేసినప్పుడు ఆ కబురు ఇంటి గడప లోపల ఆగదు. పని ఆగిన మరునాటి నుంచే ఎదురుచూపు మొదలవుతుంది, దాని వెంట ఊహలు, ఊహల వెంట పుకార్లు బయలుదేరతాయి. చివరకు మంచం మీద ఉన్న మనిషే లేచి కూర్చుని తన సంగతి చెప్పుకోవలసి వస్తుంది. గత పది పదిహేనేళ్లలో యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్ వంటి వేదికల మీద ఈ చెప్పుకోవడం ఒక ప్రత్యేక రూపంగా స్థిరపడింది. వీడియో గానీ మాట గానీ రాత గానీ సొంతంగా తయారుచేసి, నడుమ పత్రికా ప్రసార సంస్థలు లేకుండా నేరుగా జనానికి అందించే కంటెంట్ క్రియేటర్లు తమ ఆరోగ్యం ఎలా ఉన్నదీ, జీవితంలో ఏమి మారిందీ, ఇకపై ఏ పనులు రానున్నదీ ఒకే బిగిన చెప్పడం దాని స్వరూపం. ఉత్తరాల్లో ‘ఉభయకుశలోపరి’ అని రాసిన పంక్తి ఏ పని చేసేదో ఈ వీడియో అదే పని చేస్తుంది. అయితే ఆ ఉత్తరం ఒక్క ఇంటికి చేరేది, ఇది లక్షల ఇళ్లకు చేరుతుంది.

ఈ విషయాన్ని ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి నుంచి, అందులోనూ స్మృతి నగర్ వంటి కాలనీ నుంచి చూడడానికి తగిన కారణం ఉంది. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందంతో ఉక్కు కర్మాగారానికి ఇక్కడ పునాది పడింది. 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. 1931లో పూర్తయిన రాయ్‌పూర్–విజయనగరం రైలు మార్గం ఉత్తరాంధ్రను ఈ ప్రాంతానికి అప్పటికే దగ్గర చేసి ఉండడంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి తెలుగు కుటుంబాలు పనికోసం వచ్చి ఇక్కడే వేళ్లూనుకున్నాయి. కర్మాగారపు సెక్టార్లకు వెలుపల, జున్వానీ వైపు విస్తరించిన స్మృతి నగర్ అటువంటి పట్టణంలోని సొంత ఇళ్ల కాలనీ. ఈ పట్టణం నేర్చిన పాఠాల్లో జబ్బు గురించినది ముఖ్యమైనది: కొలిమి దగ్గర పనిచేసే మనిషికి జబ్బు చేస్తే సెలవు ఉంటుంది, సెక్టార్ 9లో జవహర్‌లాల్ నెహ్రూ పేరిట కర్మాగారం నడిపే ఆసుపత్రి ఉంటుంది, కోలుకున్నాక తిరిగి వెళ్లడానికి షిఫ్టు ఉంటుంది, ఈ నడుమ ఆ మనిషి ఎవరికీ తన శరీరం గురించి సంజాయిషీ చెప్పుకోనవసరం లేదు.

ఆ ఏర్పాటు నీడలోనే ఈ ప్రాంతపు అతి గొప్ప కథకురాలు తన కళను నిలబెట్టుకుంది. 1956లో దుర్గ్ జిల్లా గనియారి గ్రామంలో పార్ధీ తెగ కుటుంబంలో పుట్టిన తీజన్ బాయి మహాభారత కథలను ఛత్తీస్‌గఢీలో పాడుతూ, చెబుతూ, నటిస్తూ నడిపే పండవానీ కళకు ప్రపంచంలో గుర్తింపు తెచ్చారు. పండవానీలో రెండు పద్ధతులున్నాయి: కూర్చుని గ్రంథానుసారంగా పాడేది వేదమతి, నిలబడి రంగమంతా తిరుగుతూ అభినయిస్తూ చెప్పేది కాపాలిక. రెండవది మగవారి సొత్తుగా చెలామణీ అవుతున్న రోజుల్లో ఆమె పదమూడేళ్ల ప్రాయంలోనే రంగం ఎక్కి నిలబడి చెప్పారు. ఆడపిల్ల పాడిందన్న నేరానికి కులం వెలివేస్తే ఊరి పక్కన గుడిసె కట్టుకుని ఒంటరిగా బతికారు. నాటకకర్త హబీబ్ తన్వీర్ ఆమె ప్రతిభను గుర్తించిన తరువాత ఆమె కథ దేశదేశాలకు చేరింది. పద్మభూషణ్ 2003లో, జపాన్ వారి ఫుకుఓకా పురస్కారం 2018లో, పద్మవిభూషణ్ 2019లో వచ్చాయి. బుర్రకథ చూసిన తెలుగువారికి ఆమె తంబూరా కొత్తగా తోచదు. అయితే ఆమె చేతిలో అది ఒక క్షణం భీముని గద, మరు క్షణం అర్జునుని విల్లు, ఆ వెనువెంటనే దుశ్శాసనుని చేయి అవుతుంది. గొంతుతో పాటు భుజం, నడుము, మడమ అన్నీ కథ చెప్పే కళ ఇది. ఇటువంటి కళాకారిణి భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగిని కావడం ఆ సంస్థ చరిత్రలో ఉత్పత్తి లెక్కలతో సమానంగా చెప్పుకోదగిన విషయం, ఎందుకంటే నెల జీతం ఉన్న కళాకారుడు ఒళ్లు బాగోలేని రోజున ప్రదర్శన మానుకోగలడు.

ఇటీవలి సంవత్సరాల్లో తీజన్ బాయి తీవ్ర అనారోగ్యంతో మంచం పట్టారు. 2025 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర రజతోత్సవాల సందర్భంలో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ఆమె కుటుంబానికి ఫోను చేసి ఆరోగ్యం విచారించారు. శ్రద్ధతో చూడవలసినది ఒకటుంది: దశాబ్దాల పాటు పాండవుల కష్టసుఖాలను తన నోటితో లోకానికి చెప్పిన మనిషి కుశలవార్త లోకానికి ఇతరుల నోట, విలేకరుల ద్వారా, కుటుంబసభ్యుల ద్వారా, అధికారుల ద్వారా చేరింది. ఆమె తరం కళాకారులకు తమ సంగతి తామే చెప్పుకునే వేదిక చేతిలో లేదు. ఉన్నా అది తమ పని అని వారు అనుకోలేదు.

తరువాతి తరంలో పరిస్థితి తిరగబడింది. తెలుగునాట దీనికి అత్యంత స్పష్టమైన ఉదాహరణ నటి సమంత. 2022 అక్టోబరు 29న ఆమె సెలైన్ పెట్టుకుని ‘యశోద’ చిత్రానికి డబ్బింగ్ చెబుతున్న ఫొటోతో, తనకు మయోసైటిస్ ఉన్నట్టు కొన్ని నెలల కిందటే తేలిందని ఇన్‌స్టాగ్రామ్‌లో వెల్లడించారు. రోగాలతో పోరాడవలసిన శరీర రక్షణ వ్యవస్థ పొరపాటున సొంత కండరాల మీదికి తిరగడం వల్ల వచ్చే వాపు మయోసైటిస్. మెట్లెక్కడం, చేయి ఎత్తడం వంటి మామూలు పనులే భారమై, నీరసం, నొప్పి విడవకుండా వెంటాడతాయి. పూర్తిగా కోలుకున్నాక చెబుదామనుకున్నాననీ, కోలుకోవడానికి అనుకున్నదానికంటే ఎక్కువ కాలం పడుతోందనీ ఆమె ఆ ప్రకటనలో తెలిపిన తీరు ఈ ప్రక్రియలోని కీలకాన్ని పట్టిస్తుంది. జబ్బును జయించిన కథగా చెప్పాలని ప్రతి ఒక్కరూ కోరుకుంటారు. దీర్ఘవ్యాధి ఆ అవకాశం ఇవ్వదు కనుక మధ్యలోనే, ముగింపు తెలియకుండానే చెప్పవలసి వస్తుంది. ‘యశోద’ ఆ నవంబరు 11న, ‘శాకుంతలం’ 2023 ఏప్రిల్ 14న, ‘ఖుషి’ ఆ సెప్టెంబరు 1న విడుదలయ్యాయి. నడుమ ఆమె కొత్త పనులకు విరామం ప్రకటించారు. 2024 ఫిబ్రవరిలో ఆరోగ్య విషయాలపై ‘టేక్ 20’ పాడ్‌కాస్ట్‌తో తిరిగి వచ్చారు, ఆ ఏడాది నవంబరు 7న ‘సిటడెల్: హనీ బన్నీ’ వెబ్ సిరీస్ ప్రసారమైంది, సొంత సంస్థ ‘ట్రాలాలా మూవింగ్ పిక్చర్స్’ నుంచి ‘శుభం’ 2025 మే 9న విడుదలైంది. ఈ తేదీలను వరసగా చదివితే విజయయాత్రలా కనిపిస్తుంది గానీ, ఒక్కో చిత్రం ప్రచారంలో ఒక్కో ఆరోగ్య ప్రశ్నకు జవాబు చెప్పవలసి రావడం ఆ వరుసలో కనిపించదు.

ఆ ప్రశ్న అడిగే అధికారం ప్రేక్షకుడికి ఎక్కడిది? 1956లోనే అమెరికన్ సామాజిక శాస్త్రజ్ఞులు డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ టెలివిజన్ చూసేవారికి తెర మీది మనిషితో ఏర్పడే ఏకపక్ష సాన్నిహిత్యాన్ని ‘పారాసోషల్’ సంబంధం అని పిలిచారు. అంటే ఒకరు మరొకరిని నిత్యం ఎరిగి ఉంటారు, రెండవవారు మొదటివారిని ఎన్నడూ ఎరుగరు. ఊరికి దూరంగా బతికే తెలుగువారిలో ఈ బంధం మరింత గాఢంగా ఉండడం సహజం. స్మృతి నగర్‌లో హిందీ, ఛత్తీస్‌గఢీల మధ్య పెరిగిన పిల్లలకు తెలుగు వినిపించే గొంతుల్లో అమ్మమ్మ గొంతుతో పాటు ఫోనులోని గొంతు కూడా ఉంటుంది. ఆ గొంతు బాధపడితే ఇంట్లో మనిషికి ఒంట్లో బాగోలేనట్టే అనిపిస్తుంది. ఆ అనిపించడం నిజమైనదే, గౌరవించదగినదే; అయితే తెలుసుకునే హక్కు దాని నుంచి పుట్టదు.

ముసలితనంలో వీడియోలకు వచ్చిన పల్లెటూరివారి విషయంలో ఈ చిక్కు ఇంకా సున్నితమైనది. గుంటూరు జిల్లా గుడివాడ గ్రామానికి చెందిన మస్తానమ్మ నూరేళ్లు దాటిన వయసులో ‘కంట్రీ ఫుడ్స్’ చానెల్ ద్వారా వంటలతో ప్రసిద్ధురాలై 2018 డిసెంబరులో కన్నుమూసింది. ‘గ్రాండ్‌పా కిచెన్’ నారాయణరెడ్డి పెద్ద పెద్ద పాత్రల్లో వండి అనాథ పిల్లలకు పెట్టి, 73వ ఏట 2019 అక్టోబరు 27న మరణించారు. ఆ కబురును ఆయన చానెలే వీడియోగా లోకానికి అందించింది. ఇద్దరి కథలోనూ కెమెరా వెనుక చిన్నవారు ఉన్నారు, జబ్బు కబురు చెప్పే భారం వారి మీదే పడింది. లంబాడిపల్లి గంగవ్వది వేరే దారి: ‘మై విలేజ్ షో’ చానెల్‌తో పేరు తెచ్చుకుని 2020లో బిగ్‌బాస్ రియాలిటీ షో ఇంటికి వెళ్లిన ఆమె, ఒంట్లో బాగుండడం లేదని తానే చెప్పి మధ్యలోనే బయటికి వచ్చింది, ఇల్లు కట్టుకోవాలన్న కోరికనూ తన నోటితోనే చెప్పింది. ఆరోగ్యం, జీవితం, రాబోయే పని ఈ మూడింటినీ ఇంత సూటిగా, ఎవరి సహాయమూ లేకుండా చెప్పిన తెలుగు సృజనకారులు అరుదు. ఇతరులు చెప్పక తప్పని స్థితి కూడా ఉంటుంది: ‘ఫిజిక్స్ గర్ల్’గా పేరొందిన అమెరికన్ విజ్ఞాన వీడియోల రూపకర్త డయానా కోవర్న్ 2022లో కోవిడ్ తరువాత, ఏ కొద్ది శ్రమ చేసినా మరింత కుంగదీసే దీర్ఘ అలసట వ్యాధితో మంచం పట్టినప్పుడు భర్త, మిత్రులు ఆమె తరఫున సమాచారం ఇస్తూ వచ్చారు.

చెప్పడానికి ఒక హద్దు కూడా అవసరమని 2024లో జరిగిన చర్చ తేల్చింది. సమంత వైరల్ ఇన్ఫెక్షన్లకు హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను నెబ్యులైజర్‌తో పీల్చడాన్ని సూచించినప్పుడు వైద్యుల నుంచి తీవ్రమైన అభ్యంతరం వచ్చింది, ఎందుకంటే ఆ రసాయనం ఊపిరితిత్తులకు హాని చేయగలదు. తనకు అర్హుడైన వైద్యుడే సూచించాడనీ, ఇకపై మరింత జాగ్రత్తగా ఉంటాననీ ఆమె జవాబిచ్చారు. నాకు ఇలా ఉంది అని చెప్పడానికీ మీరూ ఇలా చేయండి అని చెప్పడానికీ మధ్య దూరం చాలా పెద్దది. మొదటిది వినేవారికి ధైర్యం ఇస్తుంది, రెండవది వైద్యుని పని.

ఇక రాబోయే పనుల ప్రకటన. ఈ మూడు భాగాల్లో బరువైనది ఇదే, ఎందుకంటే జబ్బు గురించి చెప్పిన మాట జరిగినదాన్ని చెబుతుంది, పని గురించి చెప్పిన మాట శరీరానికి గడువు విధిస్తుంది. ఏ వీడియోను ఎవరికి ముందు చూపాలో నిర్ణయించే గణన పద్ధతి అయిన అల్గారిథమ్ తనను మరచిపోతుందన్న భయం, ప్రకటనదారులు వేరొకరిని వెతుక్కుంటారన్న భయం ఆ గడువును మరింత దగ్గరికి లాగుతాయి. ఛత్తీస్‌గఢ్‌లోనే రాయ్‌పూర్ సమీపంలోని తులసి గ్రామం ఇప్పుడు యూట్యూబ్ గ్రామంగా పేరు పొందింది. 2018లో ఇద్దరు మిత్రులు మొదలుపెట్టిన ‘బీయింగ్ ఛత్తీస్‌గఢియా’ చానెల్ దగ్గర నుంచి ఊళ్లో వందలాది మంది వీడియోల్లోకి వచ్చారు, 2023లో జిల్లా యంత్రాంగం అక్కడ స్టూడియో కూడా ఏర్పాటు చేసింది. కెమెరా, దీపాలు, ఎడిటింగ్ యంత్రాలు ఇచ్చిన ఆ చొరవ మెచ్చదగినది. దానికి జతగా, పొరుగునే భిలాయి కార్మికుడికి ఉన్నట్టు, జ్వరం వచ్చిన వారానికి కూలీ దక్కే సహాయ నిధి, కుటుంబానికి ఆరోగ్య బీమా, పెద్దవయసు నటులకు పింఛను కూడా ఆ గ్రామానికి రావాలి. ఉద్యోగులకు చట్టబద్ధమైన వైద్య రక్షణ కల్పించిన ఈఎస్ఐ చట్టం 1948 నాటిది, దానిని రాసినవారి ఊహలో ఇటువంటి జీవనోపాధి లేకపోయినా అటువంటి రక్షణలో దీనిని చేర్చుకునే అధికారం నేటి చట్టసభలకు ఉంది.