దొంగగాలి

1970 దశకంలో జర్మనీకి చెందిన బాష్ కంపెనీ తెచ్చిన ఎల్-జెట్రానిక్ పద్ధతి గల పాత కారు ఒకటి ఉందనుకోండి. నిలబడి ఉన్నప్పుడు ఇంజను వణుకుతోంది. వేగం పెంచితే సర్దుకుంటోంది. లోపం ఎక్కడ?

కిలో పెట్రోలు పూర్తిగా మండటానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఈ కారులో లోపలికి పోయే గాలిని ఒక రేకు తలుపు కొలుస్తుంది. ఆ కొలతనుబట్టే ఇంజెక్టర్లు పెట్రోలు చిమ్ముతాయి. తలుపు దాటాక రబ్బరు గొట్టం చిట్లితే? కొలతకు చిక్కని గాలి దూరుతుంది, పెట్రోలు చాలదు. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు మొత్తం గాలే తక్కువ గనుక ఈ దొంగగాలి వాటా పెద్దది. వేగం పెరిగితే ఆ వాటా తగ్గిపోతుంది.

కనుక తొందరపడి ఖరీదైన ఇంజెక్టర్లు మార్చకూడదు. ముందు గొట్టం చూడాలి. అన్ని వేగాలలోనూ కుదుపు ఉంటే స్పార్కు ప్లగ్గులనూ పరీక్షించాలి. గమనించడం, ఊహించడం, పరీక్షించడం: డాక్టరుకైనా మెకానిక్కుకైనా ఇదే దారి.