ఆకాశమునుండి పాఠము

అధ్యాపకుడు ఒక్కడే, తరగతి గదులు మాత్రము నాలుగు పట్టణములలో ఉన్నవి. మాతా అమృతానందమయి మఠము నడుపుచున్న అమృత విశ్వవిద్యాపీఠమునకు ఈ చిక్కు తొలినాళ్ళలోనే ఎదురైనది. 2003లో విశ్వవిద్యాలయముతో సమానమైన ప్రతిపత్తి పొందిన ఈ సంస్థకు కోయంబత్తూరు చెంత ఎట్టిమడైలోను, కేరళ సముద్రతీరమున అమృతపురిలోను, బెంగుళూరు, కొచ్చి నగరములలోను విద్యాలయములు గలవు. మంచి అధ్యాపకుని రైలుబండిలో త్రిప్పుటకంటె ఆయన మాటను, బొమ్మను పంపుట సులభము గదా! అందులకు మార్గము శ్రీహరికోటనుండి లభించినది.

2004 సెప్టెంబరు 20వ తేదీన అక్కడనుండి జి.ఎస్.ఎల్.వి. రాకెట్టు 'ఎడ్యుశాట్' అను ఉపగ్రహమును మోసికొనిపోయినది. కేవలము విద్యకొరకే మన దేశము నిర్మించిన మొదటి ఉపగ్రహ మిది. బరువు సుమారు 1,950 కిలోగ్రాములు. దాని సాయమున తన విద్యాలయములను కలుపుకొన్న సంస్థలలో ఈ విశ్వవిద్యాలయ మొకటి.

ఇట్టి ఉపగ్రహము భూమధ్యరేఖకు పైన దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉండును. ఎత్తు హెచ్చినకొలది భూమిని చుట్టివచ్చుటకు పట్టు కాలమును హెచ్చును. సరిగా ఈ ఎత్తున ఆ కాలము భూమి తన చుట్టు తాను తిరుగు కాలమునకు సమానమగును. కనుక నేలపై నున్నవారికి ఉపగ్రహము కదలక నిలిచియున్నట్లే లెక్క. కళాశాల మిద్దెపైని పళ్ళెమువంటి యాంటెన్నాను ఒకమారు అటు త్రిప్పి బిగించిన చాలును. ఎడ్యుశాట్ తన ప్రసారములలో కొన్నింటిని దేశమంతట వెదజల్లక, ఒక్కొక్క ప్రాంతముపై వేరుగా కేంద్రీకరించెడిది. టార్చిలైటు వెలుగును ఇరుకు చేసినచో కాంతి తీవ్రమగునట్లు, ఇచటను సంకేతము బలపడును. చిన్న పళ్ళెమే సరిపోవును.

ఇక ఒక చిన్న లెక్క. మాట పైకి పోయి క్రిందికి వచ్చుటకు 72,000 కిలోమీటర్లు నడువవలెను. రేడియో తరంగముల వేగము సెకండుకు 3,00,000 కిలోమీటర్లు. అనగా 0.24 సెకండు. ప్రశ్న చేరుటకు అంత, జవాబు తిరిగివచ్చుటకు మరి అంత. వెరసి సుమారు అర సెకండు. ఇది స్వల్పమే అనిపించును. కాని అలవాటులేని అధ్యాపకుడు తన ప్రశ్న ఎవరికిని వినబడలేదనుకొని మరల అడుగును. ఆ క్షణముననే జవాబు వచ్చి పడును! ఇంకొక ఇబ్బంది వానలది. రెండు మూడు సెంటీమీటర్ల పొడవుగల తరంగములను పెద్దవాన చినుకులు కొంత పీల్చివేసి, కొంత చెదరగొట్టును. కేరళవంటి చోట ఇది చిన్న విషయము కాదు.

ఎడ్యుశాట్ సేవ 2010లో ముగిసినది. అప్పటికే ఇంటర్నెట్ తీగలు వ్యాపించినవి. ముఖాముఖి బోధనకై ఈ విశ్వవిద్యాలయము 'ఎ-వ్యూ' అను సాధనమును రూపొందించగా, బొంబాయి ఐ.ఐ.టి. దానిని దేశమందలి వేలకొలది కళాశాల అధ్యాపకుల శిక్షణకు ఉపయోగించినది.

ఉన్నత పాఠశాలలకు ఎక్కువగా పనికివచ్చునది 'ఓ-ల్యాబ్స్'. సి-డాక్ సంస్థతో కలిసి 9 నుండి 12 వరకు గల తరగతులకు తయారుచేసిన ఈ ప్రయోగశాల కంప్యూటరు తెరపైననే ఉండును. విద్యార్థి లోలకపు దారము పొడవును మార్చి, డోలన కాలమును కొలిచి, గురుత్వ త్వరణమును లెక్కించును. గాజు పగులదు, ఆమ్లము ఒలుకదు. ఎన్నిమార్లు చేసినను ఖర్చు లేదు. అయితే బ్యూరెట్టు మరను మెల్లగా త్రిప్పి, రంగు మారు ఆఖరి చుక్కకు చేతిని ఆపుట తెరపై అలవడదు. ప్రయోగశాల గల బడిలో దీనిని ముందురోజు సాధనగా వాడుట ఉచితము. బ్యూరెట్టే లేని బడిలో మాత్రము పిల్లవాడు ఆ రంగు మారుటను మొదటిసారి చూచునది ఈ తెరపైననే.