ధార్మిక కిబ్బుట్జులు: అపోహలు – వాస్తవములు

యూదుల సమష్టి వ్యవసాయ గ్రామములగు కిబ్బుట్జులన్నియు నాస్తికుల నెలవులే యనియు, ఆచారపరులగు యూదులు గ్రంథపఠనమే గాని నాగలి పట్టెరుగరనియు చదువుకొన్నవారు సైతము తలచుచుందురు. 1910లో వెలసిన తొలి కిబ్బుట్జు దెగానియాయు, తరువాతివానిలో అధికభాగమును మతాచారములకు దూరముగ నడచినమాట నిజమే. కాని 1935లోనే ధార్మిక కిబ్బుట్జుల సమాఖ్య యొకటి యేర్పడి, యూదుల ధర్మగ్రంథమగు తోరాను శ్రమను జంటవ్రతముగ స్వీకరించినది. సముద్రమట్టమునకు దిగువన, వేసవి యెండ నిప్పులు చెరుగు ఇజ్రాయేలునందలి బెత్ షెయాన్ లోయలో 1937లో తీరత్ జ్వీని, 1939లో స్దె ఎలియాహూను నిలిపినవారు ఉదయప్రార్థన ముగించి పొలమునకు పోయి, ఆర్జనను ఉమ్మడి భాండారమున జేర్చిన యువజనులే.

అంతకంటె బలమైన అపోహ సబ్బాతును గూర్చినది. శుక్రవారము సూర్యాస్తమయము మొదలు శనివారము నక్షత్రములు పొడచూపువరకు పనులు మానువారి పశువుల గతి యేమగునని ప్రశ్నించి, నిష్ఠ జీవకారుణ్యమును మింగివేయునని తీర్మానించువారు కలరు. సబ్బాతున పాలు పిదుకుట నిషిద్ధమే. పొదుగు బిగిసి బాధపడు ఆవును ఉపేక్షించుటయు అదే ధర్మశాస్త్రము దృష్టిలో జంతుహింస. అన్యమతస్థునిచేత పిదికించుటకు శాస్త్రము సమ్మతించినను, సొంత రెక్కలపై బ్రతుకదలచిన ఆ గ్రామస్థులు దానితో తృప్తిపడలేదు. తొలుత పాలను నేలపాలు చేసియైనను ఆవు బాధ తీర్చిరి. పిమ్మట పండితులతో చర్చించి, పాలు పిదుకు యంత్రమాగియున్న వేళ పొదుగునకు గొట్టములు తగిలించి, ముందుగ అమర్చిన గడియారమే విద్యుత్తును ప్రసరింపజేయునట్లు ఏర్పాటు చేసికొనిరి. కరుణకును నియమమునకును ఏకకాలమున లోబడిన ఈ బుద్ధికుశలత నాకు మిక్కిలి ఆదరణీయముగ తోచును.

ఏడవయేట భూమికి విశ్రాంతినిచ్చు శ్మితా విధివలన పొలములన్నియు బీడుపడుననుటయు పొరపాటే. భూమిని అన్యమతస్థునకు తాత్కాలికముగ విక్రయించి సేద్యము సాగించుటకు 1889లోనే కొందరు పండితులు అనుమతించిరి. 2021-22 శ్మితాలోను దాని నాశ్రయించినవారును, అంగీకరింపనివారును కలరు.

మతనిష్ఠ విజ్ఞానమునకు గొడ్డలిపెట్టను వాదమునకు స్దె ఎలియాహూ పొలములే సమాధానము. పంటను కొరుకు ఎలుకలను వేటాడుటకై 1983 నుండి అక్కడ గుడ్లగూబలకు పెట్టెగూళ్లు అమర్చుచున్నారు. ఆకురసము పీల్చు నల్లులను తినివేయు మిత్రనల్లులను పెంచి విదేశములకును పంపుచున్నారు.

ఇక స్త్రీలకు శాస్త్రపఠనము లేదను మాట ఈ లోయలో చెల్లదు: ఇచ్చటి ఏన్ హనత్సీవ్ కిబ్బుట్జులో 1986లో స్థాపించిన విద్యాలయమున యువతులు యూదుల ధర్మశాస్త్రచర్చల సంపుటమగు తాల్ముదును అభ్యసించుచున్నారు.