ఫలితముల పట్టికయు ప్రవేశద్వారమును

ఒక పాఠశాల గొప్పదని లోకము పొగడునప్పుడు, ఆ గొప్పతనము గురువులు నేర్పిన విద్యవలన గలిగినదా, లేక గడప దాటి వచ్చిన పిల్లలు తమవెంట దెచ్చుకొన్నదా యని విచారించువారు మిక్కిలి తక్కువ. నూటికెందరు ఉత్తీర్ణులైరి, పట్టికలో నెన్నవ స్థానము లభించెను అను రెండు ప్రశ్నలతోనే మన విచారణ ముగిసిపోవుచున్నది. అమెరికాలో వర్జీనియా రాష్ట్రమునందలి యొక ప్రభుత్వోన్నత పాఠశాల చరిత్ర ఈ విషయమున మిక్కిలి బోధకముగా నున్నది. ఆ ప్రాంతమున తెలుగు కుటుంబములు పెక్కులు స్థిరపడియుండుటచే ఇది మనకు కేవలము పరాయి యింటి గొడవ గాదు.

ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో 1985వ సంవత్సరమున నెలకొల్పబడిన థామస్ జెఫర్సన్ విజ్ఞాన సాంకేతిక పాఠశాల ప్రజాధనముతో నడచునది. అచట బాలురు చెల్లింపవలసిన జీతము లేదు. కాని కోరినవారికెల్ల ప్రవేశమును లేదు. ఎనిమిదవ తరగతి చదువువారినుండి ఏరి చేర్చుకొందురు. 2020 వరకు ఆ యెంపికకు ప్రవేశపరీక్షయే ముఖ్యద్వారము. యు.ఎస్. న్యూస్ వారి పట్టికలో 2022వ సంవత్సరమున ఈ పాఠశాల దేశమంతటికి ప్రథమస్థానము నందెను.

ఇక లోనికి బోయిన వారెవ్వరో చూతము. 2020లో ఎంపికైన 486 మందిలో ఆసియా సంతతివారు నూటికి 73 మంది, హిస్పానిక్ సంతతివారు ముగ్గురు, నల్లజాతివారు ఒక్కరు. కౌంటీ పాఠశాలలన్నిటిలోని విద్యార్థులను లెక్కించినచో ఆసియా సంతతివారు నూటికి సుమారు 20, హిస్పానిక్ సంతతివారు 27, నల్లజాతివారు 10 మంది. ఇంతకన్న ఆలోచింపవలసిన లెక్క మఱియొకటి గలదు. ఎంపికైనవారిలో బీదకుటుంబముల పిల్లలు నూటికొక్కరైనను లేరు. ప్రజలందఱి ధనముతో నడచు పాఠశాలలో పేదవాని బిడ్డ కనబడకపోవుట ఆ బిడ్డకు తెలివి లేకపోవుటచేతనే యని చెప్పుటకు మాకు నోరాడదు.

2020లో విద్యామండలివారు ప్రవేశపరీక్షను తొలగించిరి. ప్రతి ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలలోను ఎనిమిదవ తరగతి సంఖ్యలో నూటికి ఒకటిన్నర వంతున స్థానములు ఆ పాఠశాలవారికే యుండునట్లు నిర్ణయించిరి. మిగిలిన స్థానములకు తరగతి మార్కులతోపాటు పేదఱికము, ఇంగ్లీషు ఇంటిభాష కాకపోవుట మొదలగు పరిస్థితులను గూడ గణించిరి. ఎంపికచేయువారికి అభ్యర్థుల పేరుగాని జాతిగాని తెలియనీయలేదు. మరుసటి యేట 550 మంది ఎంపిక కాగా, ఆసియా సంతతివారు నూటికి 54కు దిగిరి. హిస్పానిక్ సంతతివారు 11కును, నల్లజాతివారు 7కును పెరిగిరి. బీదకుటుంబములవారు నూటికి 25 మందియైరి.

దీనిపై ఆసియా సంతతి తల్లిదండ్రులు పలువురు 2021లో వ్యాజ్యము వేసిరి. తమ పిల్లల సంఖ్యను తగ్గించుటకే ఈ యేర్పాటు కల్పింపబడినదని వారి వాదము. 2022లో జిల్లా న్యాయస్థానము వారి పక్షమున తీర్పు చెప్పెను. 2023 మే నెలలో అప్పీలు న్యాయస్థానము ఆ తీర్పును కొట్టివైచెను. 2024 ఫిబ్రవరిలో సర్వోన్నత న్యాయస్థానము వ్యాజ్యమును విచారణకు గైకొన నిరాకరించెను. ఇద్దఱు న్యాయమూర్తులు మాత్రము భిన్నాభిప్రాయము వెలిబుచ్చిరి.

ఆ తల్లిదండ్రుల బాధను మేము తేలికగా ద్రోసివేయము. సముద్రములు దాటిపోయి, చదువొక్కటే ఆస్తిగా బ్రతికిన కుటుంబములవి. ఏండ్ల తరబడి కష్టించిన బాలునికి, ఆట నడుమ నియమములు మార్చినట్లు తోచుట సహజమే. అయినను అప్పీలు న్యాయస్థానపు తీర్పులో నొక సంగతి గలదు. ఆసియా సంతతిలోనే బీదకుటుంబములనుండి 2020లో ఎంపికైనది ఒక్కరు. 2021లో 51 మంది. చైనావారు, కొరియావారు, వియత్నామువారు, మనవారు అందఱును ఒకే గళ్లలో వ్రాయబడుదురు. నూటికి 73 అను ఘనమైన సంఖ్య చాటున ఆ గళ్లలోని పేదపిల్లయే మొట్టమొదట మఱుగుపడెను.

పాఠశాల స్థానము 2024 నాటి పట్టికలో 14కు దిగజారగా, కొత్తపద్ధతియే చెఱచినదని కొందఱు కేకలు వేసిరి. కాని ఆ పట్టికకు ఆధారమైన కళాశాలస్థాయి పరీక్షల లెక్కలు 2021–22లో పండ్రెండవ తరగతి ముగించినవారివి. వారందఱును పాత పరీక్షవలన ప్రవేశించినవారే! ఎవరి మార్కులో విచారింపకయే ఎవరిపైననో నేరము మోపుట యన నిదియే.

పాఠశాలకు బేరు బెట్టబడిన జెఫర్సన్ మహాశయుడే 1779లో వర్జీనియా శాసనసభ ముందు ఒక విద్యాశాసనపు ముసాయిదా నుంచెను. ప్రతి పల్లెప్రాంతమునను ఉచితముగా చదువు చెప్పవలెననియు, ఆ బడులలోని నిరుపేద బాలురలో ప్రతిభావంతులను ఏటేట నేరి ప్రజాధనముతో పైచదువు చెప్పింపవలెననియు దాని సారము. బానిసల బిడ్డలకు అందు చోటు లేదు. అది ఆతని కాలపు కళంకమే గాక ఆతని కళంకము గూడ. ఆ ముసాయిదా నాడు శాసనము కాలేదు. కాని ప్రతిభను ప్రతి బడిలోను వెదకవలెనన్న సూత్రము రెండు శతాబ్దములు దాటిన పిమ్మట ఆతని పేరుగల పాఠశాలలోనే ఆచరణకు వచ్చెను.

అయినచో పరీక్షను తుడిచిపెట్టుటయే మార్గమా? మేమట్లు తలపము. మన దేశమున 1986 నాటి విద్యావిధానముతో వ్యాపించిన జవాహర్ నవోదయ విద్యాలయములలో పరీక్షయు గలదు. నూటికి 75కు తక్కువ గాకుండ స్థానములు గ్రామీణ విద్యార్థులకు నిలుపబడియు నున్నవి. తూనికయు విడువలేదు, తలుపును మూయలేదు. ఒకే బడిలో, ఒకే వసతులలో చదివినవారిని పరీక్షించి పోల్చుట న్యాయము. ప్రత్యేక శిక్షణాలయమునకు బోయినవానిని, అట్టిది యున్నదనియే యెఱుగనివానిని ఒకే త్రాసున దూచి, ఆ తూనికకు ప్రతిభయని పేరిడుట న్యాయము గాదు.

కావున పాఠకులు ఇకమీదట ఏ పాఠశాల ఫలితములను జదివినను, పిల్లలు ఎట్టివారై ప్రవేశించిరి, ఎట్టివారై వెడలిరి అని అడుగుదురుగాక. ముందే వెలుగుచున్న దీపములను ఒకచోట జేర్చి మా యింట వెలుగున్నదనుట సులభము. వత్తియు నూనెయు నుండియు వెలుగని ప్రమిదను వెలిగించిన బడియే గొప్పబడి. ఆ లెక్క పట్టికలయందు అరుదుగా అచ్చుపడును. దానిని అచ్చువేయుడని అడుగవలసినవారు ప్రజలే.