మందు వికటించినప్పుడు చర్మపుతునక చెప్పు సాక్ష్యము

మూర్ఛకో, కీళ్లవాతమునకో మందు పుచ్చుకొన్న పిమ్మట ఒడలిపై దద్దు లేచుట అరుదు కాదు. పెక్కుసారులు మందు మానినంతనే అది యణగిపోవును. కాని కొందరికి మొదట జ్వరము, కన్నులమంట తోచి, రెండు మూడు దినములలో చర్మము నొప్పిపెట్టి, బొబ్బలెక్కి, తాకినచో ఊడివచ్చును, నోరు పుండ్లుపడును. దీనిని 1922లో స్టీవెన్స్, జాన్సన్ అను అమెరికా వైద్యులు ఇద్దరు బాలురయందు వర్ణించిరి. ఇంతకంటె తీవ్రమైన రూపమును 1956లో అలన్ లయెల్ అను బ్రిటిష్ వైద్యుడు వర్ణించుచు, వేడినీట కాలిన చర్మముతో పోల్చెను. ఇవి ఒకే వ్యాధియొక్క రెండు మెట్లని నేటి మతము. ఊడిన చర్మము ఒడలిలో 10 శాతమునకు లోపడిన మొదటిది, 30 శాతము దాటిన రెండవది. రెండవదానికి చిక్కినవారిలో ఇంచుమించు మూడవవంతు మరణింతురు.

చూచినంతనే పోల్చరాదా యని శ్రోతలు అడుగవచ్చును. అనుభవముగల వైద్యుడు తరచుగా పోల్చును. అయినను పసిపిల్లలలో స్టెఫిలోకాకస్ అను సూక్ష్మజీవి విషమువలన చర్మము ఇట్లే ఊడును. దానికి ఆంటిబయాటిక్ ఇయ్యవలెను. దీనికి మందు మాన్పవలెను. లయెల్ తొలివ్యాసమునందే ఈ రెండును కలిసిపోయియుండెను. వేరని తరువాతనే తేలినది.

అందుచేత చర్మమును మొద్దుబార్చి, క్రొత్త బొబ్బ అంచునుండి కొద్ది మిల్లీమీటర్ల తునకను తీయుదురు. తొందర గలచోట దానిని గడ్డకట్టించి, పలుచని పొరలుగా కోసి, గంటలోపుననే సూక్ష్మదర్శినిలో చూతురు. మందువలని వ్యాధియందు పైచర్మము అడుగునుండి పైదాక చచ్చి, లోచర్మమునుండి విడివడియుండును. సూక్ష్మజీవి వ్యాధియందు చీలిక పైపొరలలోనే యుండును. క్రింది కణములు సజీవములు. మరియొక తునకను బొబ్బ ప్రక్కనున్న చర్మమునుండి తీయుదురు. దీనిని మాత్రము ఫార్మలిన్‌లో వేయరాదు. వేసినచో పరీక్ష వ్యర్థమగును. పెంఫిగస్ అను బొబ్బలరోగమున ఇందు కణముల నడుమ వలవలె వెలుగు కానవచ్చును. మందు వ్యాధియందు అట్టి వెలుగుండదు.

ఇంత చేసినను ఏ మందు అపకారము చేసినదో తునక చెప్పదు. అది ఇంటివారే చెప్పవలెను. సాధారణముగా మందు మొదలిడిన నాలుగు దినములనుండి నాలుగు వారములలోపల వ్యాధి పొడసూపును. కార్బమజెపిన్, ఫెనిటాయిన్, అల్లోప్యూరినాల్, సల్ఫా మందులు ముఖ్యముగా అనుమానింపదగినవి. కావున ఆసుపత్రికి పోవునపుడు ఆ నెలలో వాడిన మాత్రల అట్టలన్నిటిని, తలనొప్పికి కొన్నదానినిసైతము, వెంట గొనిపోవలెను. అనుమానింపబడిన మందును నివేదిక వచ్చువరకును కొనసాగింపరు. అది తేలిన పిమ్మట దాని పేరు చీటిపై వ్రాయించుకొని, ఏ వైద్యునియొద్దకు పోయినను మొదట చూపవలెను.